కోరికకూ కొనుగోలుకూ నడుమ



ఈ ఉపన్యాసం ఏ పెద్దాయన పేరిట జరుగుతున్నదో ఆయన జీవితమంతా ఈ విశాఖపట్నం నగరంలో మనసు జబ్బులకు వైద్యం చేశారు. నేను చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. వైద్యుల సభలో నాబోటివాడికి పీట వేసిన ఆయన శిష్యులే మాట్లాడవలసిన విషయం కూడా సూచించారు: ఓనియోమేనియా. అవసరంతోనూ తాహతుతోనూ నిమిత్తం లేకుండా వస్తువులు కొనకుండా ఉండలేని స్థితికి వైద్యశాస్త్రం గ్రీకు మాటలు కలిపి పెట్టుకున్న పేరు అది. పేరు అపురూపమైనదే గాని, స్థితి ఇక్కడున్న చాలా కుటుంబాలకు పరిచితమైనదే.

జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఈ స్థితిని వర్ణించాడు. 1924లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయ్‌గెన్ బ్లాయ్‌లర్ తన పాఠ్యగ్రంథంలో దీనిని అకారణ చౌర్యం, ఇళ్లకు నిప్పు పెట్టే ఉద్రేకం వంటి వాటి సరసన ఉంచాడు. తరువాత దాదాపు అరవై ఏళ్లు వైద్యలోకం దీని జోలికి పెద్దగా పోలేదు. 1980ల చివర అమెరికాలో కొందరు పరిశోధకులు మళ్లీ తవ్వితీశారు. 2006లో అక్కడ 2,513 మంది వయోజనులను ఫోనులో ప్రశ్నించి చేసిన ఒక అధ్యయనం నూటికి 5.8 మందిలో ఈ లక్షణాలున్నట్టు అంచనా వేసింది. అయినా అమెరికన్ మనోవైద్యుల 2013 నాటి రోగనిర్ణయ గ్రంథంలో దీనికి విడిగా చోటు దక్కలేదు. 2022 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వర్గీకరణ మాత్రం, ఉద్రేకాలను అదుపు చేసుకోలేని రుగ్మతల్లో మిగతా వాటి కింద దీనిని ఒక ఉదాహరణగా పేర్కొన్నది.

లక్షణాలు వైద్యులకు తెలిసినవే. కొనే ముందు నిలవనివ్వని ఆరాటం, కొన్న క్షణాన ఊరట, ఇంటికి చేరేసరికి అపరాధభావం, ఆ భావాన్ని అణచుకోవడానికి మరో కొనుగోలు. విప్పని పొట్లాలు, ధర చీటీ తియ్యని బట్టలు బీరువా వెనక చేరతాయి. రసీదులు చిరిగిపోతాయి. ఇంట్లోవాళ్లకు సంగతి తెలిసేది సాధారణంగా అప్పు ఇచ్చినవాడు గుమ్మంలో నిలబడినప్పుడే.

చరిత్రకారుడిగా ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 1875లో షికాగో న్యాయస్థానంలో అబ్రహాం లింకన్ భార్య మేరీకి మతి స్థిమితం ఉందా లేదా అని విచారణ జరిగింది. ఆమె అదుపు లేకుండా వస్తువులు కొంటున్నదన్నది ఆమెకు వ్యతిరేకంగా వచ్చిన సాక్ష్యాల్లో ఒకటి. దుకాణాల వాళ్లు బోనెక్కారు. భర్త హత్యను కళ్లారా చూసిన మనిషి, ముగ్గురు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి, కొద్ది నెలలు మానసిక వైద్యశాలలో గడపవలసి వచ్చింది. కొనుగోలు పిచ్చి అన్న మాట ఎవరి నోట, ఎవరి మీద ప్రయోగమవుతున్నదో ఎప్పుడూ గమనించాలి. మన సినిమాలూ హాస్య కథలూ దాన్ని చీరల దుకాణంలోని ఇల్లాలికి అంటగట్టాయి. ఇందాక చెప్పిన 2006 అధ్యయనంలో ఆడవాళ్లలో 6.0 శాతం, మగవాళ్లలో 5.5 శాతం అని తేలింది. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. మగవాడు ఫోన్లూ బళ్లూ పనిముట్లూ కొంటాడు; దాన్ని మనం అభిరుచి అంటాం.

ఈ రుగ్మతను మనసు లోపలి దోషంగా మాత్రమే చూస్తే సగమే కనిపిస్తుందని నా వాదం. ఏ సమాజంలోనైనా వస్తువు కావాలనిపించడానికీ అది చేతిలోకి రావడానికీ నడుమ కొంత వ్యవధి ఉంటుంది. పూర్వం ఆ వ్యవధిని ఓడలూ పంటలూ తిథులూ జీతపు తేదీలూ నిర్ణయించేవి. కోరిక ఆ లోపల పండేది, లేదా రాలిపోయేది. మూడున్నర శతాబ్దాలుగా వర్తకమూ పరపతీ చేసిన పనిని ఈ రేవు పట్టణం నుంచి చూస్తే, ఆ వ్యవధిని కొద్దికొద్దిగా తినేయడమే కనిపిస్తుంది. అది పూర్తిగా చెరిగిపోయిన చోట, బలహీనమైన మనసుకు ఆసరా ఏదీ మిగలదు.

మొదట మనం అమ్మేవాళ్లం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. అప్పటికే డచ్చివాళ్లు భీమునిపట్నంలో ఉన్నారు. ఇద్దరూ వచ్చింది గుడ్డ కోసం. పడుగులో 120 పోగులు ఒక పుంజం. ఎన్ని పుంజాలైతే అంత చిక్కని గుడ్డ. ఆ పుంజాల పేరే ఇంగ్లీషు వర్తకుల పద్దుల్లో మన ప్రాంతపు గుడ్డకు పేరైంది. దక్షిణాన మచిలీపట్నం నుంచి అద్దకపు గుడ్డలు వెళ్లేవి. ఈ కోరమండల తీరపు నూలు బట్ట ఐరోపాలో రేపిన మోజును ఆధునిక కాలపు తొలి కొనుగోలు వెర్రి అనవచ్చు. ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా అద్దకపు గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో తూర్పుదేశాల అద్దకపు బట్టల దిగుమతిని ఆపింది. అది చాలక 1721లో వాటిని కట్టడాన్నీ ఇళ్లలో వాడడాన్నీ నిషేధించింది. ఆ రెండు చట్టాల నడుమ, 1719లో, లండన్ నేతగాళ్లు వీధుల్లో ఆ గుడ్డ వేసుకున్న స్త్రీల మీద పడి బట్టలు చించారు. డానియల్ డెఫో వంటి రచయితలు ఆ మోజును తిట్టిపోశారు.

ఇంత మోజులోనూ వ్యవధి మాత్రం చెక్కుచెదరలేదన్నది నేను ఎత్తి చూపదలచిన సంగతి. లండన్ నుంచి కొత్త నమూనా కోరుతూ ఉత్తరం ఓడలో రావాలి. కంపెనీ దుబాసీలూ వర్తకులూ నేతగాళ్లకు బయానా ఇవ్వాలి. వాన వెలిశాక గంజి పెట్టిన పడుగు ఆరాలి. గుడ్డ మగ్గం దిగి, స్థావరంలో రకాల వారీగా తూచి, చలవ చేసి, రుతుపవనం అనుకూలించినప్పుడు ఓడ ఎక్కాలి. కోరినవాడికి కోరిన గుడ్డ అందేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది. అన్నాళ్లలో ఎన్ని కోరికలు మారిపోయి ఉంటాయో ఊహించవచ్చు.

     

ఐరోపాలో వ్యవధి మీద మొదటి పెద్ద దెబ్బ పందొమ్మిదో శతాబ్దపు పెద్ద దుకాణం కొట్టింది. పారిస్‌లో ఆరిస్తీద్ బూసికో 1852 నుంచి పెంచి పోషించిన బోన్‌మార్షే అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. బేరం లేదు, ధర చీటీ మీదే ఉంటుంది. కొనకపోయినా లోపల తిరగవచ్చు. నచ్చకపోతే తిరిగి ఇవ్వవచ్చు. ఎమిల్ జోలా 1883లో ఇటువంటి దుకాణం మీదనే ఒక నవల రాశాడు. అకారణ చౌర్యం గురించి వైద్యులు విరివిగా రాసిందీ, కొనుగోలు ఉన్మాదం గురించి రాయడం మొదలుపెట్టిందీ ఈ దుకాణాల కాలంలోనే. బేరమాడడం కూడా ఒక వ్యవధే అని మనం గుర్తించం. మన ఊరి పూర్ణా మార్కెట్‌లో ధర అడిగి, నాలుగడుగులు వేసి, వెనక్కి పిలిస్తే ఆగే ఆ కొద్దిసేపట్లో మనిషి తన అవసరాన్ని తూకం వేసుకుంటాడు.

మన దగ్గర వ్యవధిని కాపాడినది పంచాంగం. ఏజెన్సీలో అరకు, పాడేరు వైపు మనుషులు పసుపు, చింతపండు, మిరియాలు తెచ్చి అమ్మి, ఉప్పూ ఎండుచేపా గుడ్డా కొనేది వారపు సంతలో. ఆ రోజు దాటితే మళ్లీ వారం. మైదానంలో కొత్త బట్ట అంటే సంక్రాంతి, లేదా ఇంట్లో పెళ్లి. మూఢంలో శుభకార్యాలు లేవు. శుక్రవారం ఇంట్లో డబ్బు బయటికి ఇవ్వరు. మంగళవారం అప్పు చెయ్యరు. ఆషాఢం ఖాళీ మాసం. కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుంది, పెళ్లిళ్లు ఉండవు, బట్టల అంగడికి పని ఉండదు. ఇవన్నీ ఎవరో మనోవైద్యుడు ఆలోచించి పెట్టిన నియమాలు కావు. వాటి పుట్టుకకు వేరే కారణాలుంటాయి. ఫలితంగా మాత్రం ఏడాదిలో చాలా రోజులు కొనుగోలుకు తలుపు మూసి ఉండేది.

ఆ కాలాన్ని నేను పొగడడం లేదు. ఆ వ్యవధిలో అధికభాగం దరిద్రం విధించినది. ఒక్క చీరను ఇద్దరు ఆడవాళ్లు వంతుల మీద కట్టుకున్న ఇళ్లలో కోరిక పండలేదు, ఎండిపోయింది. ఎవరు ఏ గుడ్డ కట్టాలో, చెప్పు తొడగాలో వద్దో కులం శాసించింది. స్త్రీ చేతిలో ఆమె సొంతమని చెప్పగల డబ్బు లేదు. అటువంటి సమాజంలో తన జీతంతో తనకు నచ్చినది కొనుక్కోవడం స్వేచ్ఛే. వస్తువును తలచుకున్నంతనే తప్పుగా చూసే వైరాగ్యం ఎక్కువగా కడుపు నిండినవాళ్ల నోట వినిపిస్తుంది.

కొనకపోవడాన్ని మన ప్రాంతం ఒకసారి రాజకీయంగా కూడా ఎంచుకున్నది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విజయనగరం, విశాఖపట్నం మీదుగా తెలుగు జిల్లాలు తిరిగి విదేశీ వస్త్ర బహిష్కారాన్ని ప్రబోధించాడు. తరువాత శ్రీకాకుళం దగ్గరి పొందూరు సన్న ఖద్దరు గాంధీజీని ఆకట్టుకున్నది. ఏది కొనాలో ఆలోచించి నిర్ణయించడం పౌరుడి పని అన్న భావం ఆనాడు వీధిలోకి వచ్చింది. స్వరాజ్యం వచ్చాక ఆ భావం అంత త్వరగా ఎందుకు సద్దుమణిగిందో విడిగా పరిశోధించదగిన ప్రశ్న.

ఇక జీతం సంగతి. 1933 డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ ఈ రేవును ప్రారంభించాడు. 1941లో సింధియా వారి నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948 మార్చి 14న నెహ్రూ ‘జలఉష’ నౌకను నీటిలోకి దింపాడు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఉక్కు కర్మాగారం గురించి ప్రకటన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ తేదీలు మనకు కంఠస్థం. వీటి వెనక ఇళ్లలో జరిగిన మార్పును ఎవరూ తేదీ వేసి రాయలేదు. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాల భూములు పోయాయి. పంట మీద బతికిన కుటుంబం చేతికి నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు వచ్చింది, కొందరికి ఉద్యోగం వచ్చింది. కోతల నుంచి కోతల దాకా సాగే కాలం ఒకటో తేదీ నుంచి ఒకటో తేదీ దాకా కుదించుకున్నది. గాజువాక దుకాణాలు ఆ తేదీ చుట్టూ పెరిగాయి. దసరాకు బోనసు, దానికి ముందు పండగ అడ్వాన్సు.

నెల జీతం మనిషికి భద్రత ఇచ్చింది. దానితోపాటు రేపటి జీతాన్ని ఈరోజే తాకట్టు పెట్టగల వీలునూ ఇచ్చింది. మొదట్లో ఈ వీలును చీటీలు అదుపులో ఉంచాయి. చీటీ పాడుకునేవాడు పదిమంది ముందు తన అవసరం చెప్పుకోవాలి, తగ్గించుకుని పాడాలి, తన వంతు కోసం ఎదురుచూడాలి. తరువాత వాయిదాల పద్ధతి వచ్చింది. హామీ సంతకం చేసే సహోద్యోగి కావాలి. ఆ పైన కార్డు వచ్చింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి దేశంలో ఆ రంగానికి దారి తీసినవాటిలో ఒకటైంది. కార్డుకు పదిమంది అక్కరలేదు, హామీ సంతకం అక్కరలేదు. ఒక్కో మెట్టు మీద మనకు అడ్డుగా నిలిచిన ఒక్కో మనిషి తప్పుకున్నాడు. ఆ మనుషులు మనకు చికాకు కలిగించిన మాట నిజం.

పంచాంగం కూడా లొంగింది. ఖాళీ మాసమైన ఆషాఢాన్ని బట్టల వర్తకులు తగ్గింపు అమ్మకాల మాసం చేశారు. జగదాంబ కూడలి నుంచి డాబాగార్డెన్స్ దాకా ఆ నెలలో నడిచి చూస్తే శ్రావణానికీ దానికీ తేడా తెలియదు. అక్షయ తృతీయకు బంగారం కొనాలన్న ఆనవాయితీ మన జిల్లాల్లో ఇంతగా పాకడం నా తరం కళ్లముందే జరిగింది. కొనకూడని రోజులు పోయి కొనితీరవలసిన రోజులు వచ్చాయి.

2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తన తొలి బిగ్ బిలియన్ డే అమ్మకం జరిపింది. ఆరు రోజులకు, 12వ తేదీన, హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని ఊడ్చింది. కరెంటు లేదు, ఫోను లేదు, ఏటీఎం పనిచేయలేదు. డబ్బున్నవాళ్లూ పాల పొట్లానికీ మంచినీళ్లకూ వరసలో నిలబడ్డారు. ఒకే వారంలో ఈ నగరం రెండు చివరలనూ చూసింది. ఏదైనా ఇంట్లో కూర్చుని కొనగలగడం ఒకటి, ఏదీ కొనలేకపోవడం మరొకటి. రెండోది తాత్కాలికం. మొదటిది స్థిరపడింది. 2016లో యూపీఐ వచ్చింది. కొన్నాళ్లకు ‘ఇప్పుడు కొను, తరువాత చెల్లించు’ అన్న పద్ధతి, ఫోనులోనే అప్పు, పావుగంటలో సరుకు వచ్చాయి. రాత్రి రెండింటికి నిద్రపట్టని మనిషికి నిద్రమాత్ర దుకాణం మూసి ఉంటుంది, తక్కినవన్నీ తెరిచే ఉంటాయి.

అప్పు తేదీకి మాత్రం వ్యవధి లేదు. 2024లో ఉక్కు కర్మాగారం ఉద్యోగులకు జీతాలు విడతలుగా అందిన నెలలున్నాయి. కోత పడిన జీతం వచ్చినా వాయిదా మొత్తం పూర్తిగానే పోవాలి. అటువంటి నెలల్లో సర్దుకోగలిగిన కుటుంబానికీ కుప్పకూలిన కుటుంబానికీ తేడా, అప్పటికే దాచిన పొట్లాలు ఎన్ని ఉన్నాయన్నదే కావచ్చు.

మనసు కన్నా శరీరం పాత్రే ఎక్కువ కాదా అని వైద్యులు అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. పార్కిన్సన్ వ్యాధికి డోపమిన్‌ను అనుకరించే మందులు వాడేవారిలో కొందరికి ఉన్నట్టుండి జూదం, కొనుగోలు వంటి ఆపుకోలేని ఉద్రేకాలు వస్తాయి. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం 3,090 మంది పార్కిన్సన్ రోగులను పరిశీలించి 5.7 శాతంలో కొనుగోలు ఉద్రేకాన్ని గుర్తించింది. మెదడులో ప్రతిఫలం కోసం వెంపరలాడే వ్యవస్థ ఒకటున్నదని, దానిని మందు కూడా కదిలించగలదని దీనితో తేలింది. కాని ఆ వ్యవస్థ క్రేపెలిన్ నాడూ ఉన్నది, పుంజాల గుడ్డ ఓడ ఎక్కిన నాడూ ఉన్నది. మారినది దాని చుట్టూ ఉన్న ఊరు.

చికిత్స కూడా ఇదే చెబుతున్నది. ఫ్లూవాక్సమిన్ అనే మందును పరీక్షించినప్పుడు ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. ఆలోచననూ నడవడినీ సరిదిద్దే చికిత్సతో, ముఖ్యంగా బృందాలుగా చేసినప్పుడు, ఫలితం కనిపించింది. ఆ చికిత్సలో రోగికి చెప్పేదేమిటి? కార్డు వదిలేసి నగదు వాడమంటారు, కొనాలనిపించినప్పుడు పుస్తకంలో రాసుకుని ఒక రోజు ఆగమంటారు, తోడు లేకుండా దుకాణానికి వెళ్లవద్దంటారు. పోయిన వ్యవధినే, తప్పుకున్న మనుషులనే వైద్యుడు ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చిపెడుతున్నాడు.

ఒంటరి రోగికి గదిలో చేసేదాన్ని చట్టం అందరికీ చేయగలదా? మన రాష్ట్రానికి ఈ విషయంలో అనుభవం ఉంది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఆగడాలు మితిమీరినప్పుడు 2010 అక్టోబరులో ఇక్కడి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. దాని మంచిచెడ్డల మీద వాదం ఇంకా ముగియలేదు. 2023 నవంబరు 30న కేంద్రం ఆన్‌లైన్ అమ్మకాల్లోని 13 రకాల మాయోపాయాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. ఆ జాబితాలో మొదటిది, ‘రెండే మిగిలాయి, పది నిమిషాలే గడువు’ అంటూ లేని తొందర పుట్టించడం. వ్యవధిని దొంగిలించడం ఒక తప్పు అని మన ప్రభుత్వం చట్టపు భాషలో ఒప్పుకున్న సందర్భంగా నేను దాన్ని చూస్తాను.

రిజర్వు బ్యాంకు అడుగు మాత్రం వెనక్కి పడింది. ఫోను అప్పుల మీద 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వారం రోజులు గాని అంతకు మించి గాని కాలపరిమితి ఉన్న అప్పును కనీసం మూడు రోజుల గడువు లోపల, అసలూ ఆ రోజుల ఖర్చూ మాత్రమే కట్టి, జరిమానా లేకుండా వదులుకునే వీలుండేది. 2025 మే నాటి ఆదేశాల్లో ఆ కనీస గడువు ఒక్క రోజు అయింది. రాత్రి ఆరాటంలో అప్పు చేసిన మనిషికి పశ్చాత్తాపం తెల్లవారే రాకపోవచ్చు. వచ్చినా, ఇంట్లో చెప్పుకుని డబ్బు సమకూర్చుకోవడానికి ఒక రోజు చాలదు.

అందుచేత ఈ సభకు రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. మొదటిది వైద్యులకు. నిద్ర పట్టడం లేదని, దిగులుగా ఉందని వచ్చిన మనిషిని ఆకలి గురించీ నిద్ర గురించీ అడిగినట్టే అప్పుల గురించీ విప్పని పొట్లాల గురించీ అడగండి. అడగనిదే ఎవరూ చెప్పరు. మీ దాకా రాలేనివాళ్లకు 14416 నంబరులో టెలీ మానస్ ఉందని, తెలుగులో మాట్లాడతారని చెప్పండి. రెండోది ఉద్యోగ సంఘాలకు, వినియోగదారుల సంఘాలకు, ఇక్కడున్న బ్యాంకు మిత్రులకు. ఫోను అప్పును వదులుకునే కనీస గడువును తిరిగి మూడు రోజులు చేయాలని ఈ నగరం నుంచి రిజర్వు బ్యాంకుకు ఒక అర్జీ పంపండి. అందులో మొదటి సంతకం నేను చేస్తాను.